పెట్టుడు గోళ్ళు

ఎవరు వచ్చి కూర్చున్నా గోళ్ళ పని ఎడమచేతి చిటికెనవేలితో మొదలుపెట్టడం వనజాక్షికి అలవాటు. చిన్నది కదా, ముందు దాన్ని మచ్చిక చేసుకుంటే మిగతావి వాటంతటవే దారికొస్తాయని ఆమె నమ్మకం. ఈ మధ్యాహ్నం మాత్రం ఆ చెయ్యి వచ్చి తెల్ల తువ్వాలు మీద వాలాక, ఏ వేలు పట్టుకోవాలో తోచక కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ చెయ్యి రోజారమణిది. రోజారమణి కామాక్షయ్య కూతురు. కామాక్షయ్య వనజాక్షి మొగుడు. ఈ మూడు ముక్కలూ కలిపి ‘నా కూతురు’ అని ఒక్కసారి అనేస్తే పోయేదానికి, ఇన్నేళ్ళుగా ఊళ్ళో ఎవరడిగినా ‘మా ఇంట్లో పాప’ అనే అంటూ వచ్చింది. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు, ఇసకలో పాతిన గుంజలాంటి మాట, ఎటు లాగితే అటు ఒరుగుతుంది. ఎల్లుండి ఆ పాప పెళ్ళి. కావలి ట్రంకురోడ్డు మీద ఆటోల మోత మేడమీదికి వినబడుతూనే ఉంది, పట్టాల మీద గూడ్సు బండి పోతుంటే కిటికీ అద్దం సన్నగా వణుకుతోంది. వనజాక్షి లేచి వెళ్ళి పార్లరు షట్టరు సగానికి దించి వచ్చింది. ఈ గంటసేపు ఇంకెవరూ రాకూడదు. వచ్చినా రేపు రమ్మంటుంది, రేపు కుదరదంటే పోనీ అంటుంది.

నిన్న సాయంత్రం అన్నం తింటూ తింటూ, కంచంలోంచి తల ఎత్తకుండానే, “నాకు గోళ్ళు పెడతావా?” అనడిగింది రోజా. అంతే. ముందొక పిలుపు లేదు, వెనకొక పిలుపు లేదు. అడిగింది తననేనా, లేక పక్కన కూర్చున్న కామాక్షయ్యనా అని వనజాక్షి ఒక క్షణం అనుమానపడింది కూడా, ఆయనేం గోళ్ళు పెడతాడు, పడవలకు అతుకులు పెట్టే మనిషి. షాపు తెరిచిన నాటినుంచి ఒక్కసారైనా మెట్లెక్కని పిల్ల. నెల్లూరు ల్యాబులో ఉద్యోగం, వారానికోసారి ఇంటికి రావడం, వచ్చినప్పుడు కనుబొమలు కూడా ఇంకెక్కడో చేయించుకుని రావడం. తన ఫోన్లో వనజాక్షి పేరు ‘కావలి షాపు’ అని పెట్టుకుంది, ఒకసారి ఆ ఫోను చార్జింగులో ఉన్నప్పుడు చేస్తే అదే కనబడింది. కోపం రాలేదు వనజాక్షికి. షాపే కదా మరి, తనే కట్టుకున్న షాపు, దానికి మాత్రం ఏం తక్కువ. కానీ ఆ రాత్రి నిమ్మకాయ పచ్చడి జాడీ మూత పెడుతూ ఎందుకో రెండుసార్లు పెట్టింది.

పెళ్ళంటే ఇప్పుడు ఆమెకు గుర్తొచ్చేది ఒక్కటే, పీటలు. అల్లుడి కాళ్ళు కడిగి, పిల్ల చెయ్యి అతని చేతిలో పెట్టేటప్పుడు ఆ పీటల మీద కామాక్షయ్య పక్కన ఎవరు కూర్చోవాలి? పోయిన వారం రోజా పెద్దమ్మ వచ్చింది, పోలేరమ్మ, చనిపోయిన కన్నతల్లి అంకాలమ్మకు సొంత అక్క. వచ్చి మంచినీళ్ళు తాగి, చెంబు కింద పెట్టకుండానే, “కన్నతల్లి లేనిబిడ్డకు పెద్దమ్మ, పెదనాయన కూచోవాల గదా కామాక్షయ్యా, మేం కూచుంటాం” అంది. అందులో తప్పేముంది, మనిషి మంచిదే, చెల్లెలి బిడ్డని కంట్లో వత్తిలా చూసుకున్న మనిషే. కామాక్షయ్య తలగోక్కుని, “బిడ్డ ఏమంటే అదే వదినా” అన్నాడు. ఆయన జన్మలో ఒక మాట తేల్చి చెప్పి ఉంటే కదా. రోజా ఏమో, “ఆలోచించి చెప్తా పెద్దమ్మా” అంది. ఈ రోజు మధ్యాహ్నం ఫోన్ చేస్తానంది పోలేరమ్మ, పంతులుకి చెప్పాలట. అందుకే రోజా ఫోను బల్లమీద, గోళ్ళు ఆరబెట్టే దీపం పెట్టె పక్కన, ముఖం పైకి పెట్టుకుని పడుంది. వనజాక్షి ఇంతవరకు తనకు చీర కొనుక్కోలేదు. పీటల మీద కూర్చునే చీర వేరు, పక్కన నిలబడే చీర వేరు. ఏది కొనాలో తెలియకుండా బజారుకి పోయి ఏం చేస్తుంది? ఎవరినీ అడగనూ అడగలేదు. అడిగి పీట ఎక్కితే అది పీట కాదు, ముళ్ళకంప.

చిటికెనవేలే పట్టుకుంది చివరికి. వేడినీళ్ళ గిన్నె లేదు, నూనె లేదు, ఉత్త చెయ్యి. వేరే వాళ్ళకైతే గ్లవ్స్ వేసుకుంటుంది. ఈ రోజు డబ్బా తెరిచి, ఒక జత తీసి, మళ్ళీ అందులోనే పెట్టేసింది. మాస్కు మాత్రం తప్పదు, పొడి లేస్తుంది కదా. సన్నటి స్టీలు పుల్లతో గోరు మొదట్లో చర్మాన్ని మెల్లగా వెనక్కి నెట్టింది. గోరు కనబడినంతా గోరు కాదు. దానిమీద పలచటి పొర ఒకటి, ఉల్లిపొరకన్నా పలచన, చర్మం పాకుతూ వచ్చి అతుక్కుని ఉంటుంది. అది ఉందని చాలామందికి తెలియదు. ఆ పొర మీద ఎంత ఖరీదైన గోరు అతికించినా, అది అతుక్కునేది పొరకే గాని గోరుకి కాదు, వారం తిరక్కుండా మొదట్లో లేస్తుంది, లేచినచోట తడి చేరుతుంది, ఇంక అంతే సంగతులు. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్ళు అంటించడం గురించి అడిగితే వనజాక్షికి నవ్వొస్తుంది. అంటించేదేముంది, ఎవరైనా అంటిస్తారు. పనంతా ముందే ఉంది.

“నొప్పి పుడితే చెప్పు.”

“లేదు.”

ఈ గోరు చిన్నది. ఈ పిల్లకి గోళ్ళన్నీ చిన్నవే, గోరు అతుక్కుని ఉండే చోటు పొట్టి, చుట్టూ కండ ఎత్తు. పుట్టుకతో వచ్చింది కాదది, కొరికి కొరికి చేసుకున్నది. వనజాక్షి ఆ ఇంటికి వచ్చేసరికి రోజా గోళ్ళు అసలు లేవు. అమ్మ పోయిన ఏడాదంతా ఆ పిల్ల మాట్లాడాల్సిన మాటలన్నీ గోళ్ళమీదే తీర్చుకుంది. బడిలో కొరికేది, సముద్రం ఒడ్డున వలల మీద కూర్చుని కొరికేది, నిద్రలో కూడా వేలు నోట్లోనే. చివర్లు ఎర్రగా పుళ్ళు పడి, అన్నంలో చెయ్యి పెడితే పులుసు తగిలి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ‘స్పూను ఇస్తాలే’ అంటే వద్దు. ‘నేను పెడతాలే’ అంటే అసలే వద్దు. గోరుముద్దలు అంటారు కదా, ఆ మాటలోనే గోరుంది, గోళ్ళు లేని పిల్లకి గోరుముద్ద పెట్టేదెవరు? ఊళ్ళో ఒక ముసలామె చెప్పింది వేపనూనె రాయమని. మెలకువగా ఉండగా చెయ్యి ముట్టుకోనివ్వదు గనుక, నిద్రపోయాక, చాప పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కో వేలు పట్టుకుని దూదితో రాసేది వనజాక్షి. ఆ కాస్తసేపే ఆ చెయ్యి తన చేతిలో ఉండేది. నూనె రాయడం అయిపోయాక కూడా కొంచెంసేపు వదిలేది కాదు, ఎవరు చూడొచ్చారు గనక. చిట్టి చెయ్యి, వేడిగా, ఉప్పగా, వేపకంపు కొడుతూ. పొద్దున్నే లేచి ఆ పిల్ల వేలు నోట్లో పెట్టుకుని ఉమ్మేసి, ఎవరిని తిట్టాలో తెలియనట్టు వేపచెట్టుని తిట్టేది. వనజాక్షి పొయ్యి దగ్గర నవ్వు ఆపుకోలేక పొగ సాకు పెట్టుకునేది.

ఇప్పుడు ఆ చెయ్యే. మెలకువగా ఉన్న చెయ్యి, తనంతట తాను వచ్చి తన చేతిలో కూర్చున్న చెయ్యి. ఇదే మొదలు. ఈ సంగతి రోజాకి తెలుసో లేదో. వనజాక్షి ఉంగరపు వేలికి మారింది, అక్కడినుంచి నడిమివేలికి. పొర గీకుతుంటే తెల్లటి పిండిలా రాలుతోంది. ఎంతవరకు గీకాలో పుల్లే చెబుతుంది, పొర ఉన్నచోట కొంచెం పట్టుకుంటుంది, అయిపోగానే జారుతుంది. ఏసీ చల్లగాలికి రోజా మోచేతి మీద రోమాలు లేచి ఉన్నాయి. లేచి ఏసీ తగ్గించాలని అనిపించింది, లేస్తే ఈ చెయ్యి వదలాలి కదా అని లేవలేదు. తర్వాత మనసొప్పక కాలితోనే బల్లకింద ఉన్న శాలువా లాగి, “కాళ్ళమీద కప్పుకో” అంది. రోజా కప్పుకుంది.

ఇవీ పెట్టుడు గోళ్ళే కదా, తమ ఇంట్లో ‘పెట్టుడు’ అనే మాట ఎక్కడ మొదలైందో గుర్తొచ్చి లోపల్లోపల నవ్వొచ్చింది, ఇప్పుడు నవ్వొస్తుంది గాని అప్పుడు రాలేదు. కామాక్షయ్య తల్లికి పెట్టుడు పళ్ళు ఉండేవి. ముసలమ్మ వాటిని నిద్రకు ముందు గ్లాసులో నీళ్ళు పోసి వేసేది, రోజా దాని ముందు కూర్చుని అవి ఎప్పుడు నవ్వుతాయా అని చూసేది. ‘నీవి కావా అవి?’ అంటే, ‘నావెట్లా అవుతాయి, నావి రాలిపోయినాయి, ఇవి పెట్టుడువి’ అందట ముసలమ్మ. మర్నాడో, ఆ మర్నాడో, వీధి అరుగు మీద అందరూ చేపలు కోస్తుంటే వనజాక్షి కంచంలో అన్నం కలిపి, చేపముల్లు తీసి, ఒక ముద్ద చేసి పిల్ల నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. పిల్ల ముఖం తిప్పుకుని, పెద్దమ్మ పోలేరమ్మ వైపు చూసి, బాగా ఆలోచించి, “ఈ యమ్మ మా యమ్మ కాదు, పెట్టుడమ్మ” అంది. వీధంతా ఘొల్లుమంది. కత్తిపీటల మీద చేతులు ఆపి మరీ నవ్వారు. పోలేరమ్మ నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, చెల్లెలు గుర్తొచ్చి. వనజాక్షి కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని. ముద్ద మాత్రం చేతిలోనే ఉండిపోయింది, దాన్ని ఎవరి నోట్లో పెట్టాలో తెలియక చివరికి తనే తినేసింది. కొన్నాళ్ళు ఆ పేరు వీధిలో నడిచింది, ‘పెట్టుడమ్మా, పెట్టుడమ్మా, మీ ఆయన ఒడ్డుకొచ్చినాడా’ అని. తర్వాత ఊరు మరిచిపోయింది. రోజా ఆ పేరూ పిలవలేదు, ఇంకో పేరూ పిలవలేదు. ‘ఇదిగో’ అనేది, ‘ఇందా’ అనేది, ‘అన్నం ఉందా’ అనేది. ఏ పిలుపూ లేకుండా ఇన్నేళ్ళు ఒక మనిషితో మాట్లాడటం కూడా ఒక విద్యే.

రెండో చెయ్యి కూడా అయింది. ఇప్పుడు బఫరు, గోరు రుద్దే గరుకు దిమ్మ. ఇదిగో ఇక్కడే చాలామంది పని పాడుచేస్తారు. నున్నటి గోరు మీద ఏదీ నిలవదు, మెరుపు పోవాలి, కొంచెం గరుకు రావాలి. అలాగని రుద్దేస్తే గోరు పలచబడి, దీపం వేడికి మండి, పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. నెల్లూరులో ట్రైనింగు ఇచ్చినావిడ ఈ మాట చెబుతుంటే వనజాక్షి వెనక బెంచీలో కూర్చుని కిసుక్కున నవ్వింది, ఆవిడకి కోపం వచ్చింది. ఎందుకు నవ్విందో ఆవిడకేం తెలుసు. పెళ్ళయిన కొత్తలో బోగోలు సముద్రం ఒడ్డుకు కామాక్షయ్యకు అన్నం పట్టుకెళితే, ఆయన బోర్లా వేసిన ఫైబరు పడవ పక్కన కూర్చుని, పగిలినచోట ఉప్పు కడిగి, ఎండబెట్టి, గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. “ఉన్న పడవనే అరగదీస్తా ఉండావేంది?” అందామె. “నున్నంగా ఉంటే అతుకు నిలబడదు మే. గరుకుండాల. అట్లని మరీ గీకితే పడవకే బొక్క. పైమెరుపు పోయేదాకానే” అన్నాడు. ఆ నాలుగు మాటలే ఆయన ఆ వారమంతా మాట్లాడింది. పడవ అతికే రెసిన్ జిగురు వాసన, కుళ్ళిన వల వాసన, ఆయన చొక్కా చెమట వాసన, ఇప్పటికీ ఈ గోళ్ళ మందు సీసా మూత తీస్తే ఒడ్డు మీద ఆ పడవే గుర్తొస్తుంది ఆమెకు.

పైమెరుపు పోయేదాకానే. ఆ మాట పట్టుకునే బతికింది ఆ ఇంట్లో. పిల్లని కొట్టి దారికి తెచ్చుకో అన్నవాళ్ళున్నారు, అంకాలమ్మ ఫోటో గోడమీదనుంచి తీసి పెట్టెలో పెట్టమన్నవాళ్ళున్నారు. ఆమె రెండూ చెయ్యలేదు. ఫోటోకి పూలదండ మార్చింది, అద్దం తుడిచింది, అంకాలమ్మ చీరలు ఎండకేసి కలరా ఉండలు పెట్టి మడతపెట్టింది. అమ్మా అని పిలవమని ఒక్కనాడు అడగలేదు. కానీ ఒక్కోసారి భయమేస్తుంది, తను అసలు రుద్దనే లేదేమో, ఆ మెరుపు మెరుపులాగే ఉండిపోయిందేమో, అందుకే ఏదీ పట్టుకోలేదేమో. బఫరు గోరు మీద అటూ ఇటూ పోతోంది, సన్నగా, ఎలక బియ్యం మీద నడిచినట్టు చప్పుడు. గోరు మెరుపు పోయి మసకబారింది. చాలు. చూపుడువేలు. చాలు. రోజా కిటికీ బయటికి చూస్తోంది. మెడ మీద చిన్న కురులు నూనెకి అంటుకున్నాయి, కొబ్బరి వాసన సన్నగా వస్తోంది.

“పొద్దున తలకు నూనె పెట్టుకున్నావా?”

“ఊఁ. పెట్టుకోకూడదా?”

“తలకు పెట్టుకో, నాకెందుకు. ఆ చేతులే గదా ఇవి. జిడ్డుంటే గోరు నిలవదు.”

“కడుక్కున్నా గదా.”

“కడిగితే పోయే జిడ్డు కాదులే అది.”

రోజా నవ్వింది. చప్పుడు లేని నవ్వు, ముక్కుతో. జిడ్డు అనే మాటకి నవ్విందని వనజాక్షికి అర్థమై తనూ మాస్కు లోపల నవ్వింది. ఏదీ వదిలిపెట్టని మనిషిని జిడ్డు అంటాం, కానీ గోరు దగ్గరికొస్తే దేన్నీ పట్టుకోనివ్వనిది జిడ్డే. ఊళ్ళో మాట ఒకటి, పనిలో మాట ఒకటి. బ్రష్‌తో పొడి దులిపింది, గోరు చుట్టూ, కండ మడతల్లో, ఎక్కడా రవ్వంత ఉండకూడదు. తర్వాత తడి లాగే మందు. గోటిమీద పడగానే ఆవిరైపోయి, గోరు సుద్దముక్కలా తెల్లబడుతుంది. “ఇంక చేతులు దేనికీ తగలనీకు,” అంది. “మొహానికి గాని, జుట్టుకి గాని, నాకు గాని. ఒంటి జిడ్డు ఆవగింజంత అంటినా మళ్ళా మొదటికే.” రోజా బుద్ధిగా రెండు చేతులూ తువ్వాలు మీద పరిచి, వేళ్ళు ఎడం చేసి పెట్టింది, బడిలో గోళ్ళు చూపించమన్నప్పటిలాగా.

ఒక్కో చేతికీ బొటనవేలిని చివరికి ఉంచింది, కావాలనే. వేళ్ళన్నీ కామాక్షయ్యవి, పొడుగు, సన్నం. బొటనవేళ్ళు మాత్రం అచ్చం అంకాలమ్మవి. వెడల్పు గోరు, చివర కొంచెం పైకి తిరిగి. ఆ వేలు వనజాక్షికి బాగా తెలుసు, పెళ్ళికి చాలా ముందే తెలుసు. రొయ్యలు ఒలిచే షెడ్డులో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పనిచేశారు కొన్నాళ్ళు, మంచునీళ్ళలో చేతులు పెట్టి. అంకాలమ్మ బొటనవేలి గోరు పెంచుకునేది, ఒక్క దెబ్బకు రొయ్య తల ఊడేది, ఇంకో దెబ్బకు నరం బయటికొచ్చేది, పక్కవాళ్ళు ఒకటి ఒలిచేలోపు ఆమె గంపలో చప్పుడు పడుతూనే ఉండేది. “గోటితో పోయేదానికి గొడ్డలెందుకు వనజా” అనేది కత్తి అడిగితే. కొత్తగా చేరిన పిల్లకి వేళ్ళు పగిలితే తన కొంగు చింపి కట్టిన మనిషి. అక్కా అని పిలిచేది వనజాక్షి. తర్వాత జ్వరమొచ్చింది, పోయింది, అంతే, ఒక వర్షాకాలంలో. ఆ అక్క ఇంటికే తను రావాల్సి వస్తుందని, ఆ అక్క కంచంలోనే అన్నం కలపాల్సి వస్తుందని ఎవరనుకున్నారు. ఫోటో తుడిచేటప్పుడల్లా మనసులో ఒక మాట చెప్పుకునేది, నీది తీసుకోలేదక్కా, నువ్వు వచ్చేదాకా చూస్తా ఉండానంతే అని. ఎవరొస్తారు, ఎక్కడికొస్తారు, అయినా చెప్పుకునేది. ఎల్లుండి పీటల మీద పోలేరమ్మ కూర్చుంటే అంకాలమ్మ రక్తమే కూర్చున్నట్టు, అది న్యాయమే. న్యాయమని తెలిసి కూడా ఎందుకింత ఆశ? ఒక్క గడియ, ఆ చెయ్యి కింద తన చెయ్యి ఉంటే చాలు, పంతులు నీళ్ళు పోస్తుంటే ఆ నీళ్ళు తన వేళ్ళమీదుగా జారితే చాలు. ఇంకేం అక్కర్లేదు. ఈ ఒక్కటీ కావాలి ఆమెకు, చచ్చేంత కావాలి.

ప్రైమరు సీసా మూత తీసింది, పెట్టుడు గోరు పట్టుకోవడానికి ముందు పూసే మందు. ఇది అతి తక్కువ వెయ్యాలి, బ్రష్ కొనతో గోరు నడుమ ఒక్క చుక్క, అదే పాకుతుంది. చర్మానికి తగలకూడదు. చిటికెనవేలు, ఉంగరపు వేలు, నడిమివేలు. ఎడమచెయ్యి బొటనవేలు కూడా అయింది, కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే తడిగా మెరిసి ఆరాయి. చివరిది, కుడి బొటనవేలు, దానిమీద చుక్క పెట్టి బ్రష్ ఎత్తుతుండగా ఫోను వెలిగింది. పెద్దమ్మ అని రాసి ఉంది. ఫోను బల్లమీద గిరగిరా కదులుతోంది. రోజా చేతులు కదపలేదు.

“నువ్వే ఎత్తు. స్పీకరు పెట్టు.”

వనజాక్షి బ్రష్ పట్టుకున్న చేతి వేలి కణుపుతో నొక్కింది. నొక్కి, తల వంచుకుని, ఆరిపోయిన గోళ్ళనే మళ్ళీ చూడటం మొదలుపెట్టింది.

“రోజా, తల్లా, అన్నం తిన్నావా?” పోలేరమ్మ గొంతు, వెనక మేకలు అరుస్తున్నాయి. “పంతులు రెండుసార్లు మనిషిని పంపినాడు. ఏం చెప్పమంటావు? మా చెల్లెలు పైనుంచి చూస్తా ఉంటాది, దాని మనసు కష్టపడకుండా జరగాల.”

“చూస్తాది పెద్దమ్మా, చూడనీ. మా యమ్మ చూస్తే ఏమీ అనుకోదు.” రోజా ఫోనువైపు వంగింది. “పీటల మీద నాయనా, మా పెట్టుడమ్మా కూచుంటారు.”

“ఎవురు?”

“పెట్టుడమ్మ. చిన్నప్పుడు నీకే జెప్పినా గదా, అందురూ నవ్వినారు.”

బ్రష్ సీసాలో పెట్టాలి, లేకపోతే గట్టిపడుతుంది. ఆ సంగతి వనజాక్షికి తెలుసు. చెయ్యి మాత్రం అక్కడే ఆగిపోయింది. కింద వీధిలో ఎవరో అరటిపళ్ళు అరుచుకుంటూ పోతున్నాడు.

“నువ్వు తలంబ్రాల పళ్ళెం పట్టుకోని నా పక్కన నిలబడు పెద్దమ్మా,” అంది రోజా, ఈసారి గొంతు తగ్గించి. “నువ్వు లేకుండా నాకు పెళ్ళేంది. కానీ పీటలు ఆ యమ్మవే.”

పోలేరమ్మ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. “ఆ యమ్మ చీర కొనుక్కునిందా మరి?”

రోజా తలెత్తి చూసింది. వనజాక్షి అడ్డంగా తలూపింది.

“కొనుక్కోలేదంట.”

“నాకు తెలుసు. కొనుక్కోదు ఆ మనిషి. నేను పీటలకని తెచ్చుకునింది ఉండాది, పసుపుపచ్చ, ఎర్రంచు. రేపు నలుగుకి వస్తా తెస్తా. జాకెట్టు కుట్టించుకోమను, టైలరు దగ్గర కూచోని కుట్టించుకోమను. పెట్టేస్తా ఉండా.”

ఫోను ఆరిపోయింది. వనజాక్షి కళ్ళనిండా నీళ్ళు నిండిపోయి, ముందు గోళ్ళు కనబడటం మానేశాయి, తర్వాత చెయ్యి, తర్వాత దీపం. ఒక చేతిలో బ్రష్, రెండో చేతిలో రోజా వేలు. భుజంతో తుడుచుకుందామని మెడ వంచింది. ఆలోపే ఆ వేలు ఆమె చేతిలోంచి జారి పైకి వచ్చింది. అంకాలమ్మ బొటనవేలు, వెడల్పుది, చివర పైకి తిరిగినది. మాస్కు అంచు కిందికి దించి, ఎడమ కన్నొకసారి, కుడి కన్నొకసారి, బుగ్గ మీదుగా గట్టిగా తుడిచింది. రొయ్యలు ఒలిచే షెడ్డులో మంచునీళ్ళు చిందినప్పుడు ఒకావిడ ఇలాగే తుడిచేది, మోటుగా, ఒకే దెబ్బకి.

“అయ్యో, తాకేసినావే.” అంది వనజాక్షి. “కన్నీళ్ళు, జిడ్డు, అంతా అంటింది. ఈ వేలికి మళ్ళా మొదట్నించి చెయ్యాల.”

“చెయ్యి. నాకేం తొందర.” రోజా ఆ వేలు తువ్వాలు మీద పెట్టి, దానివైపే చూస్తూ అంది, “వేపనూనె రాసేటప్పుడు గూడా ఇట్లనే పట్టుకునేదానివి. అయిపోయినా వదిలేదానివి కాదు.”

వనజాక్షి తలెత్తి చూసింది. “నువ్వు నిద్రలో గదా ఉన్నింది?”

“ఆ కంపుకు ఎవురికి నిద్ర పడతాది పెట్టుడమ్మా?”

చాప, చీకటి, దూది, వేడిగా ఉప్పగా ఉన్న ఆ చిట్టి చెయ్యి. అన్ని రాత్రులు. ఒక్కనాడైనా వెనక్కి లాక్కోలేదు. లాక్కోవచ్చు కదా, మెలకువగానే ఉంది కదా, లాక్కోలేదు. వనజాక్షి గట్టిపడిన బ్రష్ పక్కన పారేసి, కొత్త దూది తీసుకుని, బొటనవేలు పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది.